కొందరు నటుల్ని చూస్తే ఒళ్లు ఎందుకు మండుతుంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. అందరూ గొప్ప నటుడనే ఒకాయన తెరమీదికి రాగానే మీకు చిరాకు మొదలవుతుంది. ఆయన డైలాగ్ చెప్పేటప్పుడు కన్నా, పక్కవాళ్లు మాట్లాడుతుంటే వింటూ నిలబడ్డప్పుడు ఆ చిరాకు ఇంకా ఎక్కువ. మీ తమ్ముడికి మాత్రం ఆయనంటే ప్రాణం. లోపం ఆయన నటనలో ఉందా, మీలో ఉందా?

నేను చాలా ఏళ్లుగా ఎడిటింగ్ గదుల్లో, డబ్బింగ్ థియేటర్లలో పనిచేస్తున్నాను. ఒకే షాట్‌ని ముందుకీ వెనక్కీ తిప్పి పదేపదే చూడటమే మా ఉద్యోగం. హాల్లో కూర్చున్నవాళ్లకి "ఏమిటో, నచ్చలేదు" అనిపించింది ఫలానా ఫ్రేము దగ్గర మొదలైందని మాకు కనిపిస్తుంది. అందుకే "ఎవరి అభిరుచి వాళ్లది" అనేసి తప్పించుకోబుద్ధి కావడం లేదు. అభిరుచికీ చోటుంది, కానీ దాని దాకా వెళ్లేముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి.

ముందుగా ఒక తేడా చెప్పాలి. నటన రానివాళ్ల మీద మనకి పెద్దగా చిరాకు రాదు. నవ్వొస్తుంది, జాలేస్తుంది, లేదంటే ఫోన్ తీసి చూసుకుంటాం. ఒళ్లు మండించేవాళ్లలో చాలామంది పని బాగా తెలిసినవాళ్లే. మంచి గొంతు ఉంటుంది, టైమింగ్ ఉంటుంది, ఏడవమంటే నిమిషంలో కళ్లనిండా నీళ్లు తెచ్చుకుంటారు. ఇబ్బందల్లా వాళ్లకి ప్రేక్షకుడి మీద నమ్మకం లేకపోవడం. సీన్‌లో బాధ ఉంటే ఆ బాధ మనకి ఎక్కడ అర్థం కాకుండా పోతుందోనని మొహంతో ఒకసారి, గొంతుతో ఒకసారి, చేతులతో ఇంకోసారి చెబుతారు. మనం ఇంకా ఏమీ అనుకోకముందే ఏమనుకోవాలో మన చేతిలో పెట్టేస్తారు. అలా బలవంతం చేస్తే ఎవరికైనా మొండితనం వస్తుంది. ఏడవమని అడిగినకొద్దీ కన్ను ఎండిపోతుంది.

ఈ సంగతి మన పెద్దలకి ఎప్పుడో తెలుసు. భరతుడి నాట్యశాస్త్రంలో రససూత్రం ఉంది కదా: విభావం, అనుభావం, వ్యభిచారి భావం కలిస్తే రసం పుడుతుందని. ఇందులో విభావమంటే కారణం, సందర్భం. అనుభావమంటే ఆ కారణం వల్ల మనిషిలో బయటికి కనిపించేది: కన్నీళ్లు, వణుకు, చూపు, నిట్టూర్పు. వ్యభిచారి భావాలంటే మధ్యలో వచ్చిపోయే సందేహం, సిగ్గు, చింత లాంటివి. మనకి చిరాకు తెప్పించే నటన దాదాపు ఎప్పుడూ అనుభావం ఒక్కదాన్నే పట్టుకుని వేలాడుతుంది. కారణం మన దాకా రాలేదు, కన్నీళ్లు మాత్రం వచ్చేశాయి. మధ్యలో రావాల్సిన తడబాటు, దాచుకునే ప్రయత్నం అసలే లేవు. పాఠం చదివినట్టు సూత్రంలో ఒక్క ముక్కే వినిపిస్తుంటే రసం ఎక్కడినుంచి పుడుతుంది?

దగ్గరగా చూపిస్తాను. ఒక సినిమాలో ఫోన్ సీన్. కొడుకు ఫోనెత్తుతాడు, తండ్రి పోయాడని అవతలి నుంచి కబురు. నటుడు చాలా కష్టపడ్డాడు, సెట్‌లో చప్పట్లు కూడా కొట్టారట. ఎడిటింగ్ టేబుల్ మీద చూస్తే ఎంత అతికించినా సీన్ నిలబడలేదు. దర్శకుడికి విసుగొచ్చింది, మాకూ వచ్చింది. ఆపి ఆపి చూస్తే తేలింది ఏమిటంటే, అవతలి గొంతు "మీ నాన్నగారు..." అని ఇంకా సాగదీస్తుండగానే ఇతని కింది పెదవి వణకడం మొదలైంది. కబురు ఇంకా రాలేదు. స్క్రిప్టు చదివిన నటుడికి తండ్రి చనిపోయాడని తెలుసు, ఫోనెత్తిన కొడుక్కి తెలియదు కదా! ప్రేక్షకుడు ఇవన్నీ లెక్కగట్టి చూడడు. సెకనుకి 24 ఫ్రేములు నడిచే చోట పదీ పన్నెండు ఫ్రేముల తొందర అంటే అర సెకను. ఆ అర సెకను చాలు, "వీడు యాక్ట్ చేస్తున్నాడు" అని లోపల ఎవరో చెప్పేస్తారు.

మేం చేసిన పని చాలా చిన్నది. ఆ పెదవి వణికిన షాట్ తీసేశాం. "కట్" చెప్పిన తర్వాత కెమెరా ఆగేలోపు ఇంకో నాలుగు క్షణాలు తిరిగింది. అందులో నటుడు ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఎటో చూస్తూ ఊరికే నిలబడ్డాడు, బహుశా ఇంకో టేక్ ఉందేమోనని. ఆ ఖాళీ మొహాన్ని కబురు తర్వాత పెట్టాం. ప్రివ్యూలో ఆ చోట హాలు నిశ్శబ్దమైపోయింది. నటుడు మాత్రం తన బెస్ట్ షాట్ లేపేశారని చాలాకాలం అలిగాడు.

ఇది మేం కనిపెట్టిన విద్య కాదు. దాదాపు వందేళ్ల కిందటే లెవ్ కులెషోవ్ అనే సోవియట్ దర్శకుడు ఇవాన్ మొజుహిన్ అనే నటుడి మొహం ఒకటే తీసుకుని, దాని పక్కన ఒకసారి సూప్ గిన్నె, ఒకసారి శవపేటిక, ఇలా వేర్వేరు షాట్లు అతికించి చూపించాడు. మొహం మాత్రం మారలేదు. చూసినవాళ్లు మాత్రం ఆకలి ఎంత బాగా చూపించాడు, దుఃఖం ఎంత బాగా పలికించాడు అని నటుణ్ని మెచ్చుకున్నారని కులెషోవ్ శిష్యుడు పుడోవ్‌కిన్ రాశాడు. సినిమాలో నటనలో సగం ప్రేక్షకుడే చేస్తాడని అప్పటినుంచీ ఎడిటర్లందరికీ తెలుసు. ఆ సగం వదలని నటుడితోనే పేచీ అంతా.

మీరు చెప్పిన రెండో ముక్క, వింటూ నిలబడ్డప్పుడే ఎక్కువ చిరాకు అన్నది, ఇక్కడే అర్థమవుతుంది. నటుల్లో ఇది పెద్ద జబ్బు. ఎదుటివాళ్ల డైలాగ్ నడుస్తుంటే వీళ్లు వినరు, వింటున్నట్టు కనిపిస్తారు. కనుబొమలు ఎగరేస్తారు, తలాడిస్తారు, పెదవి కొరుకుతారు, ఒక్కో మాటకి ఒక్కో రియాక్షన్ వడ్డిస్తారు. నిజంగా వినే మనిషి మొహంలో అంత హడావుడి ఉండదు. మనం ఎవరి మాటైనా శ్రద్ధగా వింటుంటే మొహం దాదాపు కదలదు, ఊపిరి కాస్త నెమ్మదిస్తుంది, కళ్లు ఎదుటివాళ్ల మీదే ఆగిపోతాయి. ఆ నిశ్చలత్వానికి ధైర్యం కావాలి. "నేను ఏమీ చేయకపోతే కెమెరా నన్ను మర్చిపోతుందేమో" అన్న భయం ఉన్నవాళ్లు అది చేయలేరు. పైగా ఎదుటి నటుడి సీన్ కూడా పాడవుతుంది, ఎందుకంటే మన కన్ను కదిలేదాని మీదికే పోతుంది. రంగస్థలం మీద దీన్ని పక్కవాడి సీన్ ఎత్తుకుపోవడం అంటారు. మీ కన్ను దాన్ని పట్టేసిందంటే మీలో తేడా ఏమీ లేదు, కాస్త పదునైన కన్ను ఉందంతే.

అయితే నటుణ్ని దోషిగా నిలబెట్టే ముందు ఆ దోషంలో ఎవరెవరికి వాటా ఉందో చూడాలి. ఇక్కడే నాకు మామూలు ప్రేక్షకులతో, ఇంకా ఎక్కువగా సమీక్షలు రాసేవాళ్లతో గొడవ.

మొట్టమొదట గొంతు. మన సినిమాల్లో తెరమీద కనిపించే మనిషి చాలాసార్లు ఇద్దరు మనుషులు. రాజశేఖర్ అనగానే మనకి వినిపించేది సాయికుమార్ గొంతు. 2010లో 'ఏ మాయ చేసావె'లో సమంతని చూసి ముచ్చటపడ్డవాళ్లలో ఎంతమంది చిన్మయి గొంతుకి ముచ్చటపడ్డారో విడదీసి చెప్పడం ఎవరివల్లా కాదు. కమల్ హాసన్‌కి తెలుగులో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ప్రాణం పోశారు. ఇలా కుదిరినప్పుడు మనం నటుణ్ని పొగుడుతాం. కుదరనప్పుడూ నటుణ్నే తిడతాం, అదే అన్యాయం.

భాష రాని కథానాయిక సెట్‌లో ఎలా చేస్తుందో చెబుతాను. అసిస్టెంట్ డైరెక్టర్ కెమెరా పక్కన నిలబడి ఒక్కో ముక్క అందిస్తాడు, ఆమె తిరిగి పలుకుతుంది. అదీ కుదరకపోతే "వన్, టూ, త్రీ, ఫోర్" అని అంకెలు చెప్పి పెదాలు కదిపినవాళ్లు కూడా ఉన్నారు. ఆ షాట్ డబ్బింగ్ థియేటర్‌కి వస్తుంది. పెదాలు ఏడుసార్లు తెరుచుకున్నాయి, డైలాగ్‌లో ఉన్నవి నాలుగు మాటలు. మిగిలిన మూడుసార్లు ఏం చేయాలి? అక్కడ డబ్బింగ్ ఆర్టిస్టు "హా", "ఊఁ", "అబ్బా", ఒక వగర్పు, ఒక చిన్న నవ్వు కూరుతుంది. మీకు వినిపించే ఆ అనవసరమైన ఆయాసం, గారాబం, ప్రతి వాక్యం చివర ఆ సాగదీత అలా పుట్టినవే. పైనుంచి మైకులో "ఇంకొంచెం క్యూట్‌గా అమ్మా" అన్న సూచన ఒకటి. పాపం, మంచి గొంతున్న అమ్మాయి ఇరవై దాటిన పాత్రకి ఆరేళ్ల పాప మాటలు మాట్లాడుతుంది. చూసినవాళ్లు హీరోయిన్ని తిడతారు. ఆమెకి ఆ గొంతు సంగతి సినిమా విడుదలయ్యాకే తెలిసి ఉండొచ్చు.

ఆ తర్వాత రాత, దర్శకత్వం. 'స్టార్ వార్స్' సినిమాల్లో 2002లో, 2005లో వచ్చిన రెండు భాగాల్లో హేడెన్ క్రిస్టెన్‌సెన్‌ని, నటాలీ పోర్ట్‌మన్‌ని కొయ్యబొమ్మలన్నారు. క్రిస్టెన్‌సెన్ అంతకుముందే 'లైఫ్ యాజ్ ఎ హౌస్' సినిమాకి గోల్డెన్ గ్లోబ్ నామినేషన్ తెచ్చుకున్నవాడు. పోర్ట్‌మన్ తర్వాత 'బ్లాక్ స్వాన్'కి ఆస్కార్ అందుకుంది. ఇద్దరికీ నటన రాదంటే నమ్మేదెలా? సెట్టు లేదు, చుట్టూ ఖాళీ తెర, ఎదురుగా ఉండాల్సిన జీవులు తర్వాత కంప్యూటర్లో వస్తాయి, నోట్లో మనుషులు మాట్లాడని మాటలు. ఒకే సినిమాలో చాలామంది బిగుసుకుపోయి కనిపిస్తే నటుల్ని వదిలేసి దర్శకుడి వైపు చూడాలి. ఎడిటింగ్ గదిలో మేం మొదట వేసుకునే ప్రశ్న కూడా అదే: ఈ సీన్‌లో ఇతనొక్కడే తేడాగా ఉన్నాడా, అందరూ ఉన్నారా?

టీవీ సీరియల్ నటుల మీద పడే జోకుల గురించి ఒక్క మాట. ఒక డైలాగ్ పడగానే ఇంట్లో ఉన్న ఎనిమిదిమంది మొహాలు, ఒక్కోటి మూడుసార్లు, ఢాం ఢాం అని శబ్దంతో. ఆ నటి ఒక్కసారే చూసింది, దాన్ని మూడు ముక్కలు చేసింది మావాళ్లే. రోజుకో ఎపిసోడ్ నింపాలి, రాసిన సీన్లు చాలవు.

ఇక పాత్ర మీది కోపం నటుడి మీదికి పోవడం. సూర్యకాంతం గారు ఎడమచెయ్యి తిప్పుతూ నోరు పెంచగానే ఎన్ని ఇళ్లలో కోడళ్లు పళ్లు నూరుంటారో! ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్న 1962 నాటి సినిమాకి 'గుండమ్మ కథ' అని ఆమె పాత్ర పేరే పెట్టారు. ఆవిడ తర్వాత ఆడపిల్లకి సూర్యకాంతం అని పేరు పెట్టడానికి తెలుగువాళ్లు జంకారన్న మాట ఇప్పటికీ చెప్పుకుంటాం. అది నటికి దక్కిన బహుమతి. ఆవిడ మీద మనకి కోపం వచ్చేది, కానీ ఆవిడ తెరమీదికి రాకపోతే బాగుణ్ననిపించేది కాదు, ఎప్పుడొస్తుందా అని చూసేవాళ్లం. ఈ రెండూ వేర్వేరని గుర్తుపట్టడానికి ఇంతకన్నా మంచి గుర్తు నాకు తెలియదు.

ఇది ఒక్కోసారి వికారంగా కూడా మారుతుంది. 'బ్రేకింగ్ బ్యాడ్' సీరియల్లో మత్తుమందు తయారుచేసే భర్తని నిలదీసే భార్యగా వేసిన అనా గన్, పాత్ర మీది ద్వేషం తన మీదికి ఎలా మళ్లిందో 2013లో న్యూయార్క్ టైమ్స్‌లో స్వయంగా రాసింది. అదే పాత్రకి ఆ ఏడాదీ, మరుసటి ఏడాదీ ఆమెకి ఎమ్మీ వచ్చింది. అంటే ఒకే నటన ఒకరికి అవార్డు లాగా, ఇంకొకరికి తిట్టు లాగా కనిపించింది. నేరం చేసే భర్త మీద లేని చిరాకు, నేరం వద్దనే భార్య మీద ఎందుకొచ్చిందన్నది నటనకి సంబంధించిన ప్రశ్న కాదు. మీ చిరాకు జాబితాలో ఎక్కువగా ఆడవాళ్లే ఉంటే ఒకసారి ఆలోచించండి. మీ ప్రశ్నలో ఉన్నది మగవాడు కాబట్టి ఇది మీకు వర్తించదులెండి.

"ఓవరాక్షన్" అన్న మాటతో నాకు చిన్న పేచీ. పెద్దగా చేయడమే తప్పన్నట్టు ఈమధ్య ఈ మాట వాడుతున్నారు. మైకులు లేని రోజుల్లో పద్యనాటకం ఆడినవాళ్లు చివరి వరుసలో కూర్చున్నవాడికి కూడా చూపు, చెయ్యి, గొంతు అందేలా పెంచి చేసేవాళ్లు. 1930లలో తెలుగు టాకీలు మొదలైనప్పుడు తెరమీదికి వచ్చింది ఆ నాటకాల వాళ్లే. కెమెరా మొహానికి మూరెడు దూరంలో ఉంటే ఆ కొలత పెద్దదైపోతుంది, నిజమే. కానీ కొలత పెద్దదైనంత మాత్రాన చిరాకు రాదు. 'మాయాబజార్'లో సావిత్రిని చూడండి. శశిరేఖ వేషంలో ఉన్న ఘటోత్కచుడిగా ఆమె చేసిందంతా పెద్దదే. మగ నడక, దర్పం, ఉన్నట్టుండి తన్ను తాను మరిచిపోవడం, మళ్లీ గుర్తొచ్చి సిగ్గు తెచ్చిపెట్టుకోవడం. 'అహ నా పెళ్లియంట' పాటలో అయితే ఆ ఆడపిల్ల నోట ఒక్కసారిగా ఘంటసాల గొంతు వినిపిస్తుంది. అంత చేసినా ఎవరికైనా చిరాకు పుట్టిందా? లోపల ఒక రాక్షసుడున్నాడు, వాడు పైకి తన్నుకొస్తున్నాడు, ఆమె తొక్కిపెడుతోంది. ప్రతి కదలికకీ లోపల కారణం ఉంది. కారణం ఉన్నంతవరకు ఎంత పెద్దగా చేసినా నప్పుతుంది.

దీనికి పూర్తి వ్యతిరేకమైన చిరాకు ఒకటుంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ఇప్పటి ఫ్యాషన్ "సహజ నటన". గొంతులోనే గొణుక్కోవడం, ప్రతి వాక్యం మధ్యలో ఆగడం, గోడకేసి చూడటం, చూసి చూసి ఒక నిట్టూర్పు. డబ్బింగ్‌లో ఇలాంటివాళ్లతో పెద్ద తలనొప్పి. మాట వినపడటం లేదు సార్, కాస్త పెంచండి అంటే ఫీల్ పోతుందంటారు. నాకు ఇది కూడా ఓవరాక్షనే అనిపిస్తుంది. "చూడండి, నేనెంత తక్కువ చేస్తున్నానో" అని ప్రతి ఫ్రేములోనూ చెబుతుంటారు. నటుడు తన పనిని మనకి చూపించుకోవాలనుకున్న క్షణం నుంచి, అది అరుపైనా గొణుగుడైనా, ఒకటే. పద్ధతిగా నేర్చుకున్న నటనతోనే ఈ తిప్పలంతా అని కొందరు రష్యన్ నటనా గురువు స్టానిస్లావ్‌స్కీ మీదా, 1947లో న్యూయార్క్‌లో మొదలైన నటుల శిక్షణ సంస్థ యాక్టర్స్ స్టూడియో మీదా పడతారు. వాళ్లు చెప్పింది పాత్ర ఏం కోరుకుంటోందో పట్టుకోమని. దాన్ని వదిలేసి సిగరెట్ పట్టుకునే తీరు ఒక్కటే నేర్చుకుంటే ఆ గురువులేం చేస్తారు?

తాగుబోతు వేషం చూస్తే ఎవరికి పని తెలుసో ఇట్టే తెలిసిపోతుంది. చిరాకు పెట్టేవాడు తూలుతాడు. తెలిసినవాడు తూలకుండా ఉండటానికి తంటాలు పడతాడు, ఎందుకంటే నిజంగా తాగినవాడు చేసేది అదే. గ్లాసు బల్ల మీద పెట్టడానికి మరీ ఎక్కువ జాగ్రత్త పడతాడు. ఏడుపూ అంతే. ఏడుపు ఆపుకునే మనిషిని చూస్తే మనకి గొంతు పట్టేస్తుంది. బోరున ఏడ్చేవాళ్లని చూస్తే చాలాసార్లు మంచినీళ్లు ఇచ్చి బయటికి పోదామనిపిస్తుంది.

ఇంతవరకూ చెప్పింది ఒక సినిమాలో ఒక నటన గురించి. మీది ఒకే నటుడి మీద ఏళ్ల తరబడి పెరిగిన చిరాకు కాబట్టి ఇంకోటి కూడా కలుస్తుంది. ఏ నటుడికైనా ఒకటి రెండు అలవాట్లు మొదట్లో అనుకోకుండా వస్తాయి. మెడ తిప్పడం, జుట్టులోకి వేళ్లు పోనివ్వడం, మాట చివర చిన్న నవ్వు. జనం చప్పట్లు కొడతారు. తర్వాతి సినిమా రచయిత దాన్ని కాగితం మీదే రాస్తాడు, "ఇక్కడ సార్ స్టైల్లో" అని. అప్పటినుంచి అది పాత్రది కాదు, బ్రాండుది. అభిమానికి అది పాత మిత్రుడు కనిపించినట్టు ఉంటుంది. మిగిలినవాళ్లకి అదే పాట మళ్లీ మళ్లీ. మనస్తత్వ శాస్త్రంలో రాబర్ట్ జాయన్స్ 1968లో రాసిన సంగతి ఒకటుంది: ఏదైనా పదేపదే కంటపడితే దాని మీద ఇష్టం పెరుగుతుందని. తర్వాతివాళ్లు దానికి తగిలించిన తోక ఏమిటంటే, మొదటే నచ్చనిది పదేపదే కంటపడితే అయిష్టం ముదురుతుందని. మీ తమ్ముడూ మీరూ అవే సినిమాలు చూసి చెరో దారిన పోవడానికి ఇది చాలావరకు సరిపోతుంది. మొదటి సినిమా ఎలాంటి మూడ్‌లో చూశారన్నదే ఒక్కోసారి అంతా తేల్చేస్తుంది.

ఇలాంటి చిరాకు పోగొట్టుకోవడం నటుడికి సాధ్యమేనా అంటే, సాధ్యమే. హాలీవుడ్ నటి కేథరిన్ హెప్‌బర్న్‌కి ఆస్కార్ వచ్చాక కూడా జనానికి ఆమెంటే పడలేదు, పొగరనుకునేవాళ్లు. 1938లో అమెరికాలో థియేటర్ యజమానుల సంఘం ఒకటి "బాక్సాఫీసు విషం" అంటూ ప్రకటన వేసి అందులో ఆమె పేరు కూడా చేర్చింది. ఆమె తన తీరు మార్చుకోలేదు. 1940లో 'ది ఫిలడెల్ఫియా స్టోరీ'తో తిరిగొచ్చింది, అందులో పాత్రే పొగరుబోతు. సినిమా మొదలవగానే ఆమె భర్త గోల్ఫ్ కర్రని మోకాలి మీద విరిచేస్తుంది, అతను ఆమె మొహం మీద చెయ్యి పెట్టి ఒక్క తోపు తోస్తాడు. హాల్లో వాళ్లకి ఎన్నాళ్లుగానో ఉన్న కసి ఆ మొదటి నిమిషంలోనే తీరిపోయింది. ఆ తర్వాత ఆమె మీద ఇష్టం కలగడానికి అడ్డేమీ లేకపోయింది. చెత్త సలహాదారులైతే "ఈసారి అణకువగల పాత్ర చేయండమ్మా" అనుండేవాళ్లు. ఆమె తర్వాత ఇంకో మూడు ఆస్కార్లు తీసుకుంది.

ఎవరు చిరాకు పెట్టారో జాబితాలు తయారుచేసే వినోదం కూడా ఉంది కాబట్టి అదీ చెబుతాను. అమెరికాలో 1981 నుంచి చెత్త నటనకి 'రాజీ' (Razzie) అవార్డులని ఇస్తున్నారు. సరదాగా మొదలైందే. మొదటి ఏడాదే 'ది షైనింగ్'లో నటించిన షెల్లీ డువాల్‌ని చెత్త నటిగా నామినేట్ చేశారు. భయంతో చితికిపోయిన ఆ మొహాన్ని తర్వాతి తరాలు హారర్ సినిమాల్లోనే గొప్ప నటన అన్నాయి. 2022లో, అంటే నలభై ఏళ్లు దాటాక, రాజీ వాళ్లు ఆ నామినేషన్ వెనక్కి తీసుకున్నారు. అదే ఏడాది బ్రూస్ విల్లిస్ కోసం ప్రత్యేకంగా ఒక చెత్త అవార్డు విభాగమే పెట్టారు, నిర్జీవంగా చేస్తున్నాడని. కొన్నాళ్లకే ఆయనకి మాటని దెబ్బతీసే అఫేజియా అనే జబ్బుందని కుటుంబం ప్రకటించింది. ఆ అవార్డునీ రద్దు చేసుకున్నారు. 1999 నాటి 'స్టార్ వార్స్' సినిమాలో జార్ జార్ బింక్స్ అనే పాత్ర వేసిన అహ్మద్ బెస్ట్, వచ్చిన తిట్లకి తట్టుకోలేక ప్రాణం తీసుకుందామా అన్నంత దూరం వెళ్లానని 2018లో చెప్పాడు. మీరు మీ నటుడి పేరు రాయకుండా ప్రశ్న అడిగారు, నాకు నచ్చింది.

సరే, మీరేం చేయొచ్చు? ఆయనది మీకు బాగా చిరాకనిపించే సీన్ ఒకటి తీసుకుని సౌండ్ తీసేసి చూడండి. చిరాకు సగం తగ్గితే మీ గొడవ గొంతుతో, రాతతో. తగ్గకపోతే ఈసారి తెర చూడకుండా వినండి. వినడానికి బాగుంటే ఆయన మొహంలోనే ఎక్కువ పని జరుగుతోంది. తర్వాత ఇంకో దర్శకుడి దగ్గర చేసిన సినిమా, వీలైతే పేరు రాకముందు చేసిన చిన్న వేషం చూడండి. అక్కడ ఆ అలవాట్లు లేకుండా ఉంటే, ఆయన్ని అలా తయారుచేసింది విజయమే. మీ తమ్ముణ్ని పక్కన కూర్చోబెట్టుకుని చూస్తే ఇంకా మంచిది. వాదించొద్దు, ఎక్కడ బాగా చేశాడనుకుంటే అక్కడ పాజ్ నొక్కమనండి, చిరాకేసిన చోట మీరు నొక్కండి. ఇద్దరూ ఒకే ఫ్రేము దగ్గర నొక్కే అవకాశం చాలా ఎక్కువ.

ఇవన్నీ అయ్యాక కూడా ఎక్కడా ఏమీ దొరక్కపోతే, అప్పుడు అభిరుచి. ఆ మొహం మీకు పడని ఎవరినో గుర్తుచేస్తుండొచ్చు, ఆ గొంతు శ్రుతి మీ చెవికి గుచ్చుకుంటుండొచ్చు. దానికి ఆయన చేయగలిగిందేమీ లేదు, మీరు మారాల్సిన పనీ లేదు. చూడ్డానికి ఇంకా చాలామంది ఉన్నారు.